నాలుగో నోడు

రిటైరైనవాళ్ళు రాసుకునే అనుభవాలు నేను రాయడం విడ్డూరంగా ఉండొచ్చు. నాకు ముప్ఫై రెండేళ్ళు. వీడ్కోలు సభ జరగలేదు, ఎవరూ శాలువా కప్పలేదు. పుదుచ్చేరిలో ఒక ఆసుపత్రి పాథాలజీ ల్యాబ్‌లో తొమ్మిదేళ్ళు టెక్నాలజిస్టుగా పనిచేసి, పాప పుట్టేముందు మానేశాను. తిరిగి వెళ్ళే దారి కనిపించడం లేదు కాబట్టి దాన్ని రిటైర్మెంట్ అనే అనుకుంటున్నాను.

తిరుపతిలో నేను చదివిన కాలేజీ నుంచి జూనియర్లు ఇద్దరు ఈమధ్య ఫోన్ చేశారు. "అక్కా, గ్రాసింగ్ పని ఎలా ఉంటుంది? చేరమంటావా?" అని. ఫోన్‌లో తేలే మాట కాదు. అందుకని పాప నిద్రపోయాక కూర్చుని రాస్తున్నాను. నాది నెల్లూరు. ఉద్యోగానికి ఈ ఊరొచ్చి ఇక్కడే పెళ్ళి చేసుకున్నాను. ముత్తియాల్‌పేటలో మా అత్తగారింట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ చదవడం ఎవరికీ రాదు. తరతరాలుగా ఇక్కడివాళ్ళు, బడిలో చదివింది తమిళం. మా ఆయన ఈ కాగితాలు చూసినా ముగ్గులు ప్రాక్టీసు చేస్తున్నాననుకుంటాడు. కాబట్టి దాచకుండా రాయగలను. ముఖ్యంగా వనజ గురించి.

ఆ పని నిజంగా ఏమిటంటే

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసి తీసిన భాగం మా దగ్గరికి డబ్బాలో, కుళ్ళకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలో మునిగి వస్తుంది. దాన్ని బల్ల మీద పెట్టి కోసి, కొలిచి, మైక్రోస్కోపు కిందికి ఏ ముక్కలు వెళ్ళాలో ఎంచడమే గ్రాసింగ్. గడ్డను కోసేది డాక్టరు. పక్కన నిలబడి కొలతలు రాయడం, ముక్కలను చిల్లుల ప్లాస్టిక్ పెట్టెల్లో సర్దడం, చంక కొవ్వులో నోడ్లు వెతికి కోయడం మా వంతు.

జబ్బు మనిషి అడిగేది ఒకటే, బతుకుతానా అని. దానికి జవాబు ఊహించడానికి డాక్టర్లు మొదట చూసేవి రెండు. గడ్డ ఎంత పెద్దది? చంకలోని లింఫ్ నోడ్లకు పాకిందా, పాకితే ఎన్నింటికి? లింఫ్ నోడ్ అంటే ఒంట్లో అక్కడక్కడా జల్లెడలా పనిచేసే చిన్న గ్రంథి. రొమ్ములో పుట్టిన జబ్బు బయలుదేరితే చాలాసార్లు ముందు ఆ జల్లెడల్లోనే చిక్కుతుంది. ఎన్నింట్లో చిక్కిందో చూసి, అది ఎంత దూరం పోయి ఉంటుందో అంచనా కడతారు. కణాల తీరు, హార్మోను పరీక్షలు వగైరా తర్వాత కలుస్తాయి. కానీ ఆ రెండు లెక్కలూ తప్పితే పైన కట్టేదంతా ఒరుగుతుంది.

గడ్డను కొలవడం స్కేలు పని. మూడు వైపులా కొలిచి, పెద్ద కొలతను లెక్కలోకి తీసుకుంటారు. నోడ్లు వెతకడం మాత్రం వేళ్ళ పని. పసుపుపచ్చటి కొవ్వును వేళ్ళ మధ్య నలుపుతూ పోతే కొవ్వు జారుతుంది, నోడు ఆగుతుంది. జబ్బు నిండినవి రాయిలా తగులుతాయి, అవి ఎవరికైనా దొరుకుతాయి. కష్టమంతా ఉలవగింజంత మెత్తటివాటితోనే. పట్టుమని పది నోడ్లు కూడా దొరక్కపోతే, "జబ్బు పాకలేదు" అని రాసినా పెద్ద డాక్టర్లు నమ్మరు. లేవా, మీరు వెతకలేదా అంటారు.

నా వేళ్ళు మంచివని ల్యాబ్‌లో అందరూ అనేవాళ్ళు. ఇప్పుడు వాటికి పని లేక, పాపకు జలుబు చేసినప్పుడల్లా మెడ కింద తడుముతుంటాయి. పిల్లలకు అక్కడ నోడ్లు తగలడం మామూలేనని నాకు తెలుసు. తెలిసీ గంటకోసారి తడుముతాను. అది చక్కిలిగిలి అనుకుని నవ్వుతుంది. నాకు నవ్వు రాదు.

పెద్ద మేడం

మా విభాగం పెద్దను అందరం పెద్ద మేడం అనేవాళ్ళం. ఆవిడ మాట్లాడేది తమిళం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆవిడ నోట మెచ్చుకోలు విన్నవాళ్ళు లేరు. పని నచ్చితే "ఊఁ" అనేది, అంతే. ఆ "ఊఁ" కోసం నేను మధ్యాహ్నం అన్నం మానుకుని కొవ్వు నలిపిన రోజులున్నాయి. నాకు మొదటి "ఊఁ" దక్కడానికి రెండేళ్ళు పట్టింది.

ఒక సర్జన్ ఫోన్ చేసి, ఈ పేషెంటుకు ఎన్నేళ్ళు ఉండొచ్చు మేడం అని అడిగాడు. "జాతకం కావాలంటే బయట చాలామంది ఉన్నారు డాక్టర్. నా దగ్గర కొలతలున్నాయి, రాసుకుంటారా?" అని ఆవిడ స్కేలు మీద సెంటీమీటర్లు చదివింది.

కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ ఆవిడ ఇద్దరు ఆడవాళ్ళ గురించి చెప్పేది. ఒకావిడ చేపలమ్మేది. గడ్డ నిమ్మకాయంత. ఆ సైజు చూసి ల్యాబ్‌లో అందరి ముఖాలూ మాడిపోయాయట. నోడ్లు మాత్రం అన్నీ శుభ్రం. ఏళ్ళు గడిచినా ఆవిడ ఆసుపత్రి గేటు దగ్గరే గంప దించి, బేరమాడే నర్సులను తిట్టిపోస్తుండేది. ఇంకొకావిడ టీచరు. గడ్డ బఠాణీ గింజంత. దానికే బంధువులు స్వీట్లు పంచారు. చంకలో తీసిన నోడ్లలో దాదాపు అన్నీ నిండిపోయి ఉన్నాయి. ఆవిడ ఎక్కువకాలం లేదు. "సైజు చూసి ముఖం మార్చకండి. లెక్క పూర్తయ్యేదాకా నోరు మూసుకోండి" అనేది మేడం.

నోరు మూసుకోవడం బాగానే నేర్పింది. కానీ పేషెంట్ల బెంచీల వైపు మమ్మల్ని పోనిచ్చేది కాదు. వాళ్ళ ముఖాలు చూస్తే చేతులు వణుకుతాయనేది. అది సగమే నిజమని నా అభిప్రాయం. ఆ బెంచీ మీద మన మనిషి కూర్చుంటే ఏం చెప్పాలో మాకెవరూ నేర్పలేదు.

రెండు సగాలు

మూడు, నాలుగు. ఈ రెండు అంకెల మధ్య ఒక గీత ఉంది. జబ్బు పాకిన నోడ్లు మూడు దాకా ఉంటే ఒక మెట్టు, నాలుగైతే ఇంకో మెట్టు. జబ్బు దశ మారుతుంది, వైద్యం మారుతుంది, అంచనా మారుతుంది.

నేను చేరిన రెండేళ్ళకు మా సీనియర్ ఒకాయన పెద్ద నోడును నిలువునా రెండుగా కోసి, ఒక్కో సగాన్నీ ఒక్కో పెట్టెలో వేసి, ఆ సంగతి ఎక్కడా రాయలేదు. మూడు నోడ్లు కాస్తా నాలుగయ్యాయి. రిపోర్టు సంతకానికి వచ్చాక మేడంకు అనుమానం వచ్చింది. రెండు స్లైడులూ పక్కపక్కన పెట్టి ఆయన్ని పిలిచింది.

"ఇవి ఒకే మామిడికాయ చెక్కలు కావా?"

"అవునేమో మేడం."

"ఏమోనా? ఆవిడ ఇంటికెళ్ళి మొగుడితో చెప్పేటప్పుడు ఏమో అని చెప్పాలా?"

గడ్డ అంచులు గుర్తుండడానికి మా బల్ల మీద రంగు సిరాలు ఎప్పుడూ ఉండేవి. నేను నెమ్మదిగా, "కోసేముందే నోడుకు రంగు పూస్తే ఎలా ఉంటుంది మేడం? ఒక నోడుకు నీలం, పక్కదానికి పచ్చ. ఎన్ని ముక్కలైనా రంగు ఒకటే ఉంటుంది కదా" అన్నాను. ముక్కను మైనంలో పొదిగి పల్చటి పొరలుగా కోసినా ఆ సిరా చెరగదు, స్లైడు మీద ముక్క అంచున సన్నటి గీతలా కనిపిస్తుంది. మేడం "చెయ్, చూద్దాం" అంది. చేసి చూపించాక "ఊఁ" అంది. అదే నా మొదటి "ఊఁ".

అప్పట్నుంచి మా బల్ల దగ్గర వాటిని మాధవి రంగులు అనేవాళ్ళు. వేరే ల్యాబ్‌లలోనూ ఇలా చేస్తారని తర్వాత తెలిసింది. ప్రపంచానికి కొత్త కాకపోవచ్చు. మా బల్లకు మాత్రం అది నేనిచ్చింది.

వనజ

వనజది పుదుచ్చేరి పక్కనే ఉన్న అరియాంకుప్పం. నేను మానేయడానికి ఏడాది ముందు చేరింది. మాలాగే తెలుగు మాట్లాడే ఇల్లు, అందుకని మేడం నాకు అప్పగించింది. కత్తి పట్టుకోవడం, పెట్టెలు సర్దడం, రంగులు పూయడం అన్నీ నేనే నేర్పాను. మొదటి నెలలోనే, నేను వెతికేసి పక్కకు నెట్టిన కొవ్వును ఊరికే నలుపుతూ నిలబడింది.

"అక్కా, ఈడ ఇంకోటి ఉండాది చూడు."

"అది కొవ్వే. వదిలెయ్."

"లేదక్కా. జారడం లేదు."

కోసి చూస్తే నోడే. నన్ను తక్కువ చేయాలని అది అనలేదు, నవ్వనూ లేదు. అది ఇంకా మంట. వెనక నుంచి మేడం వచ్చి చూసి "ఊఁ" అంది. నాకు రెండేళ్ళు పట్టింది, దానికి ఒక్క నెల.

ఆ రోజు నుంచి దాని మీద నాకు కడుపుమంట. ఇప్పటికీ ఉంది. కడుపుతో ఉన్నప్పుడు ఫార్మలిన్ వాసన మంచిది కాదని నేను పక్కకు తప్పుకున్నాను. తర్వాత పాపను చూసేవాళ్ళు లేరు. అమ్మ నెల్లూరులో, అత్తగారికి మోకాళ్ళు. వనజకూ పిల్లాడు పుట్టాడు. వాళ్ళమ్మ చూసుకుంటుంది. అది బస్సెక్కి టైముకు వచ్చేస్తుంది, నా స్టూలు మీద కూర్చుంటుంది. నాకూ దానికీ తేడా వేళ్ళలో మాత్రమే లేదు. దానికి వాళ్ళమ్మ అరియాంకుప్పంలో ఉంది.

ఒకసారి మార్కెట్లో కనిపించింది, కొత్తగా చేరిన పిల్లతో. పాప నా చంకనెక్కి ఏడుస్తోంది. ఆ కొత్త పిల్ల నన్ను ఎవరనుకుందో, "మా ల్యాబ్‌లో వనజక్క రంగులని ఒక పద్ధతి ఉంది, తెలుసా అక్కా?" అంది. వనజ కొత్తిమీర బేరమాడుతోంది. వినలేదేమో. విందనే నా అనుమానం.

వదిన రిపోర్టు

కమల వదిన మా ఆయన అక్క. కిరుమాంబాక్కంలో కడలూరు రోడ్డు మీద రవికలు కుట్టే కొట్టు ఆమెది. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతుంటుంది. కుడి రొమ్ములో గడ్డ అని తేలింది. ఆపరేషన్ మా ఆసుపత్రిలోనే అయింది. రిపోర్టు రాగానే నేరుగా మా ఇంటికి వచ్చింది. ఇంటిల్లిపాదీ నా చుట్టూ చేరారు. మానేశాక మొదటిసారి నాతో అందరికీ పనిపడింది.

"ఏంది రాసుండారు, చదువు."

"గడ్డ ఒకటిన్నర సెంటీమీటరు."

వదిన మెడలోని టేపు తీసి వేలితో కొలిచింది. "ఇంతేనా? రవిక బొత్తాం. దీనికి పోయి అంత కోసినారే."

"నోడ్లు పద్నాలుగు తీశారు. నాలుగింటికి పాకింది."

ఆమె ముఖం మారింది. డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. మందులు ఎట్లాగూ తప్పవు. మూడు దాకా అయితే కరెంటు పెట్టాలా వద్దా అని మాట్లాడుకోవచ్చు. నాలుగైతే మాట్లాడేదేమీ లేదు, పెట్టించుకోవాల్సిందే. రేడియేషన్‌ను ఇక్కడ కరెంటనే అంటారు. వాళ్ళ వీధిలో ఒకావిడ కరెంటు తర్వాత చెయ్యి ఎత్తలేకపోతోంది. వదినకు భయం అదే.

"అది కుడి చెయ్యి మాధవీ. పైకి లేవకపోతే గుడ్డ యాడ కత్తిరించేది? రెండు మిషన్లు పెట్టుకోని నేను బొమ్మలాగా కూసోవల్లనా?"

నేను రిపోర్టు మళ్ళీ చదివాను. జబ్బు ఉన్న నాలుగు నోడ్లలో రెండింటి కొలతలు అచ్చంగా ఒకటే. రెండు పెట్టెలు, ఒకే కొలత. గ్రాసింగ్ సాయం చేసినవారి చోట కె. వనజ అని ఉంది. లోపల కలిగినదాన్ని దిగులనే అనుకోవాలని చూశాను గానీ అది సంతోషం. ఒకే నోడు, రెండు సగాలు. వనజ తప్పు చేసింది.

"ఇది మూడు కావచ్చు వదినా" అన్నాను.

లెక్క పూర్తయ్యేదాకా నోరు మూసుకోమని తొమ్మిదేళ్ళు విన్నదాన్ని.

బల్ల దగ్గర

మర్నాడు పాపను అత్తగారి ఒళ్ళో పెట్టి, వదినను వెంటబెట్టుకుని వెళ్ళాను. వదిన బయట బెంచీ మీద కూర్చుంది. లోపల వాసన మారలేదు. వనజ గ్లవుజులు తీసి ఎదురొచ్చింది.

"రా అక్కా, పాప ఎట్లుండాది? చిక్కిపోయినావే."

నేను రిపోర్టు బల్ల మీద పెట్టి, ఆ రెండు కొలతల మీద వేలు ఉంచాను. "ఇవి రెండూ ఒకే నోడు సగాలు కావా?"

అది కోప్పడుతుందనుకున్నాను. కోప్పడితే బాగుండేది. "నాకు గుర్తున్నంతలో కాదక్కా. అయినా చూద్దాం, మేడం ఉండారు" అని స్లైడులు తీయడానికి వెళ్ళింది.

మేడం మైక్రోస్కోపుకు రెండో కంటి గొట్టం ఉంది. అక్కడ నన్ను కూర్చోబెట్టింది. మొదటి స్లైడు పెట్టింది. నోడు అంచు చుట్టూ నీలం గీత. ఇద్దరం చూశాం. రెండోది పెట్టింది. నేను నీలం కోసం వెతికాను. అంచు చుట్టూ పచ్చగా ఉంది. ఆ కొస నుంచి ఈ కొస దాకా, ఎక్కడా తెగకుండా, శుభ్రంగా పూసిన పచ్చ. అంత నీటుగా నేనెప్పుడూ పూయలేదు.

"కనిపించిందా?" అంది మేడం.

"కనిపించింది మేడం."

"నువ్వు పెట్టిన పద్ధతే కదా. నువ్వే వచ్చి అడుగుతున్నావేంటి?"

ఆ పద్ధతి నాదని ఆవిడకు గుర్తుంది. ఆ మాట ఇంకే రోజైనా అనుంటే ఎగిరి గంతేసేదాన్ని. వనజ తల వంచుకుని స్లైడులు ట్రేలో సర్దుతోంది. దాని వైపు చూసి మేడం "ఊఁ" అంది.

బెంచీ

వదిన టేపును వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. పక్కన కూర్చున్నాను.

"నాలుగే వదినా."

ఆమె టేపు చుట్టడం ఆపింది. తర్వాత అంది, "నువ్వు చూసుంటే మూడే వచ్చుంటాది."

నేను రిపోర్టు మడిచాను.

"నిజంగానే చెప్తాండా. ఆ పిల్లకు ఏం తెలుసు? నువ్వు మా ఇంటి మనిషివి. నువ్వు మూడని చెప్పినావు, నాకు అది చాలు. నేను కరెంటు పెట్టించుకోను, పో."

మానేసిన నాటి నుంచి నేను వినాలని ఎదురుచూస్తున్న మాట అదే. వనజ కన్నా నేనే అని ఒక్కరైనా అనాలని. తీరా ఆ మాట అన్నది, నా మాట పట్టుకుని వైద్యం మానేయడానికి సిద్ధపడిన మనిషి. ఊరుకుంటే చాలు, ఆ మాట నాదవుతుంది.

"నేను చూసినా నాలుగే వదినా. కళ్ళారా చూసి వచ్చాను. ఒకదానికి నీలం, ఒకదానికి పచ్చ. రెండూ వేరు. నేను తొందరపడి చెప్పాను."

"ఆ పిల్ల నీకన్నా బాగా చూస్తాదా?"

తలుపు సందులోంచి వనజ వీపు కనిపిస్తోంది. నా స్టూలు మీద వంగి, కొవ్వు నలుపుతోంది.

"చూస్తుంది" అన్నాను. "నాకన్నా బాగా చూస్తుంది."

వదిన నా ముఖంలోకి చూసింది. కుట్టు చెడిందని రవిక వెనక్కి తెచ్చినవాళ్ళను ఆమె అలాగే చూస్తుంది, నిజం చెబుతున్నారా లేదా అని. తర్వాత టేపు మెడలో వేసుకుంది.

"సరి. అట్లయితే ఎప్పుడంట కరెంటు?"

చేరమంటారా అంటే

చేరండి. కానీ పక్కనున్నవాళ్ళ వేళ్ళు మీకన్నా మంచివైతే ఏం చేయాలో ముందే ఆలోచించుకోండి. నేను ఆలోచించుకోలేదు. మనం నేర్పిందే వాళ్ళు మనకన్నా బాగా చేస్తారు. అది గర్వంగా ఉంటుందని ఎవరైనా చెబితే, వాళ్ళు ఇంకా ఉద్యోగంలో ఉన్నారని అర్థం. ఇంకోటి, రిపోర్టులోని అంకె మీద మీ ఇష్టాయిష్టాలు వేయకండి. మీకు ఎవరి మీద కోపముందో ఆ నోడుకు తెలియదు.

మందులయ్యాయి, కరెంటూ అయింది. వదిన చెయ్యి చెవి దాకా లేస్తుంది, తల పైకి రాదు. కత్తిరించే బల్ల కాళ్ళు కోయించి ఎత్తు తగ్గించుకుంది. ఎన్నాళ్ళు అని ఆమె డాక్టరును అడగలేదు, ఆయనా చెప్పలేదు. మొన్న చూపించుకోవడానికి వెళ్తూ, దారిలో మా ఇంటి దగ్గర ఆగి సంచిలోంచి ఒక ఏప్రన్ తీసింది. మందపాటి తెల్ల గుడ్డ, రంగు సిరా సీసాలు పట్టేలా ముందు వరుసగా చిన్న జేబులు.

"ఆ పిల్లకు. చేత్తో కొంచెం కొంచెంగా కుట్టినా" అంది. "ఎట్లుండాది చూడు."

పెళ్ళయి ఇన్నేళ్ళలో నాకు కూలి తీసుకోకుండా ఒక్క రవికైనా కుట్టివ్వలేదు. ఏప్రన్‌ను వెలుతురులోకి పట్టుకెళ్ళాను. జేబులు, అంచులు, మెడ పట్టీ, కుట్టు కుట్టూ వేలితో తడిమి చూశాను. ఎక్కడా తప్పు దొరకలేదు.